‘తెల్వదు’ అన్నవాళ్లు ఏ లెక్కలో పడ్డారు?

కంప్యూటర్‌కు హైదరాబాద్‌ పాతబస్తీలోని లాల్‌దర్వాజా ఒక్కటి కాదు. ఆరోగ్య సర్వే ట్యాబ్‌లో ఒకరు ‘లాల్‌దర్వాజా’ అని కొడతారు. అందులో పొల్లు లకారం తర్వాత కంటికి కనపడని విభజన గుర్తు ఒకటి ఉంటుంది. ఆ గుర్తు పడకపోతే దకారం ఒత్తుగా మారి ‘లాల్దర్వాజా’ అవుతుంది. మూడో మనిషి మధ్యలో ఖాళీ వదిలి ‘లాల్ దర్వాజా’ అని రాస్తాడు. ఇంగ్లిష్‌ అక్షరాల్లో రాసేవాళ్లలో కొందరు చివరి ‘జా’కు జెడ్‌ పెడతారు, కొందరు జె పెడతారు. సింహవాహిని మహంకాళి గుడి ముందు నిలబడ్డ మనిషికి ఇవన్నీ ఒకే బస్తీ. లెక్కలు వేసే యంత్రానికి ఐదు బస్తీలు. వాటిని ఎవరో ఒకరు కూర్చుని కలపాలి. ఎలా కలిపారు, శాలిబండ వైపు ఇళ్లనూ గౌలిపురా వైపు ఇళ్లనూ ఇందులోనే వేశారా, వదిలేశారా అన్న సంగతి నివేదికలో సాధారణంగా ఉండదు. అక్కడ కనపడేది చివరికి తేలిన శాతం ఒక్కటే.

ఆ శాతంతో చాలా పనులు జరుగుతాయి. దాన్ని పట్టుకునే ఎక్కడ శిబిరం పెట్టాలో, కరపత్రం ఎంత లావు అక్షరాల్లో వేయాలో, బస్తీ దవాఖానాలో ఏ విషయం మీద ముందు మాట్లాడించాలో నిర్ణయిస్తారు. పత్రికలవాళ్లు శీర్షికలు పెడతారు. ‘పాతబస్తీలో ఆరోగ్య అవగాహన తక్కువ’ అన్న ముక్క ఒకసారి అచ్చయిందంటే ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఇలాంటి సర్వే చేసినవాళ్లు నివేదికతో పాటు, ఆ శాతాన్ని పుట్టించిన కంప్యూటర్‌ కోడ్‌ను కూడా ఇచ్చేయాలని నా వాదన. ఇంకొకరు తమ యంత్రంలో నడిపినా మళ్లీ అదే అంకె వచ్చేట్టు ఇవ్వాలి.

రోగాలతో, విపత్తులతో ఈ నగరానికి పాత పరిచయం ఉంది. 1813 ప్రాంతంలో మహమ్మారి ప్రబలినప్పుడు పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో మొక్కుకున్నాడనీ, ఆ మొక్కు ఫలమే సికింద్రాబాద్‌ మహంకాళి గుడి అనీ చెబుతారు. 1908 సెప్టెంబర్‌ 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, అప్పటి ప్రధాని మహారాజా కిషన్‌ ప్రసాద్‌ సలహా మీద ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ లాల్‌దర్వాజా అమ్మవారికి పూజ చేయించాడన్నది ఇక్కడివాళ్లు చెప్పుకునే కథ. అంతకు పదకొండేళ్ల ముందు, 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లో పనిచేస్తున్న రోనాల్డ్‌ రాస్‌ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. మొక్కుకూ సూక్ష్మదర్శినికీ మధ్య కొద్ది మైళ్ల దూరమే ఉన్న ఊరు ఇది. ఇలాంటి చోట జనానికి తెలిసినదాన్నీ తెలియనిదాన్నీ ఒక్క అంకెలో ఇమడ్చబూనడం సాహసమే. సాహసం చేసేవాళ్లు కనీసం ఎలా చేశారో చూపించాలి కదా.

అసలు ఆరోగ్య అవగాహనను కొలిచేదెలా? ఈ రంగంలో ఎక్కువగా పేరు వినపడేది 2011లో యూరప్‌లో 8 దేశాల్లో జరిగిన సర్వే. మనిషికి 47 ప్రశ్నలు. ఏ ప్రశ్నా ‘క్షయ దేనివల్ల వస్తుంది’ లాంటి పరీక్ష ప్రశ్న కాదు. మందుల పెట్టెలో వచ్చే కాగితం అర్థం చేసుకోవడం మీకు ఎంత సులభం? టీవీలో చెప్పే ఆరోగ్య సమాచారం నమ్మదగ్గదో కాదో తేల్చుకోవడం ఎంత సులభం? అత్యవసరమైతే అంబులెన్స్‌ను పిలవడం ఎంత సులభం? ఇదీ వరస. చాలా కష్టం అంటే 1, చాలా సులభం అంటే 4. జవాబుల సగటు తీసి, అందులోంచి 1 తీసేసి, 50ని 3తో భాగించగా వచ్చిన దాంతో గుణిస్తే 0 నుంచి 50 దాకా మార్కు వస్తుంది. 25 దాకా వస్తే అవగాహన చాలదు. 33 దాకా ఇబ్బందికరం. 42 దాకా సరిపడా. ఆపైన భేషుగ్గా ఉన్నట్టు. ఆ సర్వేలో మొదటి గుంపు 12 శాతం, రెండోది 35 శాతం తేలింది. అంటే యూరప్‌లోనే దాదాపు సగం మంది తడబడుతున్నారు. నెదర్లాండ్స్‌లో ఈ రెండు గుంపులూ కలిపి 29 శాతం ఉంటే బల్గేరియాలో 62 శాతం. తర్వాత ఇండోనేషియా, వియత్నాం, మయన్మార్‌తో సహా ఆరు ఆసియా దేశాల్లో ఇదే కొలతతో సర్వే చేశారు. వాటిలో మన దేశం లేదు.

సూత్రం చూస్తే ఎనిమిదో తరగతి లెక్కలా ఉంది కదా. చిక్కంతా ‘తెల్వదు’ దగ్గర మొదలవుతుంది.

ఇంటింటి సర్వేకు వెళ్లిన ఎవరినడిగినా చెబుతారు. పెద్దావిడ తలుపు తీసి “నాకేం తెల్వది బిడ్డా, మా కోడలినడుగు” అంటుంది. పక్క గల్లీలో “మాలూమ్‌ నై” అంటారు. ఇంకొకాయన “డాక్టర్‌ చెప్తె తెలుస్తది” అంటాడు. ఇది ‘కష్టం’ కిందికి వస్తుందా, ‘తెలియదు’ కిందికి వస్తుందా? ఫారంలో ‘తెలియదు’కు 5 అనో 8 అనో గుర్తు వేస్తారు. లెక్క వేసే మనిషి దాన్ని ముందే తీసేయడం మరిచిపోతే, ఏమీ తెలియదన్న పెద్దావిడ ‘చాలా సులభం’ అన్నవాళ్లకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుని కూర్చుంటుంది!

సరే, మరిచిపోలేదు, తీసేశారనుకుందాం. అప్పుడింకో మలుపు. 47 ప్రశ్నల్లో కనీసం 43కి జవాబు ఉన్నవాళ్లనే లెక్కలోకి తీసుకోవాలన్నది ఒక నియమం. కనీసం 80 శాతం ప్రశ్నలకు, అంటే 38కి, జవాబు ఉంటే చాలన్నది ఇంకో నియమం. రెండూ వాడుకలో ఉన్నవే. మొదటిదాని ప్రకారం ఐదుసార్లు ‘తెల్వదు’ అన్న మనిషి సర్వేలోంచే మాయమవుతుంది. ఎవరి పరిస్థితి తెలుసుకోవాలని గడప తొక్కారో వాళ్లే జారిపోయారన్నమాట. ఊహకు వెయ్యిమందిని తీసుకోండి. అందులో 200 మంది ఇలా రాలిపోయారు. మిగిలిన 800లో 320 మందికి అవగాహన తక్కువ అని తేలింది. నివేదికలో 40 శాతం. ఆ 200 మందినీ అవగాహన తక్కువ ఉన్నవాళ్లలో కలిపితే వెయ్యికి 520, అంటే 52 శాతం. రెండింటిలో ఏ అంకె వేసినా అబద్ధం కాదు. ఏది వేశారన్నది మాత్రం ‘43 కంటే తక్కువైతే తీసెయ్‌’ అనే ఒక్క వరుస కోడ్‌లో ఉంటుంది. ఆ వరుస చూపించకుండా 40 శాతం అని ప్రకటించడం సగం ఫలితం ప్రకటించడమే.

ఇది యూరప్‌ ప్రశ్నావళి కాబట్టి మనకెందుకులే అనుకోవద్దు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93 నుంచి నడుస్తోంది. 2019-21లో జరిగిన ఐదో విడతలో దేశమంతటా 6,36,699 ఇళ్లకు వెళ్లారు. తెలంగాణలో 27,518 మంది స్త్రీలతో, 3,863 మంది పురుషులతో మాట్లాడారు. అందులో ఒక అంకె అచ్చంగా ఆరోగ్య అవగాహనకు సంబంధించింది: హెచ్‌ఐవీ గురించి ‘సమగ్ర అవగాహన’ ఉన్నవాళ్లు దేశంలో స్త్రీలలో 21.6 శాతం, పురుషులలో 30.7 శాతం. ఇంత ప్రచారం చేశాక ఐదుగురిలో ఒక్కరికేనా అని ఎవరికైనా గుండె జారుతుంది.

ఆ అంకె ఎలా తయారైందో చూస్తే కంగారు కొంత తగ్గుతుంది. కండోమ్‌ వాడితే ముప్పు తగ్గుతుందని తెలియాలి. వ్యాధి లేని ఒక్క భాగస్వామికే పరిమితమైతే ముప్పు తగ్గుతుందని తెలియాలి. చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా హెచ్‌ఐవీ ఉండొచ్చని తెలియాలి. దోమకాటుతో రాదని, కలిసి తింటే రాదని చెప్పగలగాలి. ఐదూ కుదిరితేనే ‘సమగ్రం’. ఒక్కో ప్రశ్నకు నలుగురిలో ముగ్గురు సరిగ్గా చెప్పారనుకోండి, ఒక జవాబుకూ ఇంకో జవాబుకూ సంబంధం లేదనుకోండి. ఐదూ సరిగ్గా చెప్పినవాళ్లు నూటికి 24 మందే మిగులుతారు. ఇలాంటి మిశ్రమ కొలత విడివిడిగా ఉన్న జ్ఞానాన్ని చిన్నదిగా చూపిస్తుంది. అది తప్పు కాదు, అలా కొలవాలని ముందే నిర్ణయించుకున్నారంతే. కోడ్‌లో మాత్రం ఈ ఐదు షరతులనూ కలిపేది ‘మరియు’ అనే ఒకే ఒక్క గుర్తు. దాని స్థానంలో పొరపాటున ‘లేదా’ గుర్తు పడితే దేశమంతా రాత్రికి రాత్రి జ్ఞానులైపోతుంది. ఫలితం మరీ అసంబద్ధంగా ఉంటే ఎవరైనా పట్టుకుంటారు. ఒక్కచోట మాత్రమే పడితే అంకె జరిగినా నమ్మేట్టుగానే ఉంటుంది, అప్పుడు ఎవరూ పట్టుకోరు.

ఈ సర్వే సమాచారం పరిశోధకులు నమోదు చేసుకుని దించుకోవచ్చు. దించుకున్న కొత్తవాళ్లు మొదట దెబ్బతినేది ‘వెయిట్‌’ దగ్గర. తెలంగాణలో 31 జిల్లాలకు కలిపి 27 వేల పైచిలుకు ఇళ్లంటే, సగటున జిల్లాకు దాదాపు 880. కానీ 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్‌ జిల్లాలో 39 లక్షల మంది ఉంటే, ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లా పరిధిలో ఉన్నది ఐదున్నర లక్షలే. రెండు చోట్లా ఇళ్లు దాదాపు సమానంగా ఎంచుకున్నప్పుడు, హైదరాబాద్‌లో మాట్లాడిన ఒక్కొక్క మనిషీ సిరిసిల్ల మనిషికంటే ఏడు రెట్ల మందికి ప్రతినిధి. ఆ తేడా సరిచేయడానికే వెయిట్‌. దాన్ని దశాంశ స్థానం లేకుండా పెద్ద పూర్ణసంఖ్యగా దాచి ఉంచుతారు. వాడేముందు పది లక్షలతో భాగించాలి. ఈ ఒక్క భాగహారం ఎక్కడ చేశారో, చేశారో లేదో కోడ్‌ చూస్తే తప్ప తెలిసే దారి లేదు.

ఇంకొకటి కూడా ఉంది, లాల్‌దర్వాజావాళ్లకు నవ్వు తెప్పించేది. ఈ సర్వేలో కిందటి రాత్రి ఆ ఇంట్లో పడుకున్నవాళ్లను లెక్కలోకి తీసుకుంటారు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లైనా సరే. ఐదో విడతలో తెలంగాణ ఫీల్డ్‌ వర్క్‌ 2019 జూన్‌ 30 నుంచి నవంబర్‌ 14 దాకా సాగింది. ఆ ఏటి ఆషాఢ బోనాలన్నీ ఆ గడువులోనే పడ్డాయి. పుట్టింటికి బోనం ఎత్తడానికి వచ్చిన ఆడబిడ్డ, అల్లుడు, వాళ్ల చుట్టాలు పాతబస్తీ లెక్కలో చేరిపోవడానికి నియమం ప్రకారం అభ్యంతరం లేదు. రాష్ట్రస్థాయిలో ఇలాంటివి సర్దుకుంటాయి. ఒక బస్తీ గురించి మాట్లాడేటప్పుడు సర్దుకోవు. అతిథులను తీసేసి మళ్లీ లెక్కకట్టి చూడాలంటే కోడ్‌ చేతిలో ఉండాలి. ఉంటే పట్టేది ఐదు నిమిషాలు.

దేనిని దేనితో భాగించారన్నదీ ఇంతే. 2021 మార్చిలో సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్‌ బయోటెక్‌ కలిసి చేసిన సర్వే వివరాలు వెలువడ్డాయి. నగరంలో 30 వార్డుల్లో సుమారు 9,000 మందిని పరీక్షిస్తే 54 శాతం మందిలో కొవిడ్‌ యాంటీబాడీలు కనిపించాయి. వాళ్లలో నాలుగింట మూడొంతులకు పైగా మందికి తమకు సోకిందనే తెలియదు. ‘వాళ్లలో’ అన్న మాట జారిపోతే నగరంలో నాలుగింట మూడొంతుల మందికి తెలియదన్న వార్త తయారవుతుంది. నిజానికి అది నగరం మొత్తంలో చూస్తే నూటికి నలభై చిల్లర.

పొరపాట్లు చేసేది చిన్న సంస్థలే అనుకుంటే అదీ కాదు. 2020 సెప్టెంబర్‌ చివర, అక్టోబర్‌ మొదట్లో ఇంగ్లండ్‌ ప్రజారోగ్య సంస్థ 15,841 కొవిడ్‌ కేసులను రోజువారీ లెక్కలో కలపలేకపోయింది. కారణం, పాత ఎక్సెల్‌ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. మించినవి చప్పుడు లేకుండా జారిపోయాయి. వాటితో పాటు ఆ రోగులను కలిసినవాళ్లను వెతకడమూ ఆలస్యమైంది. అంతకు ముందు అమెరికాలో డ్యూక్‌ విశ్వవిద్యాలయంలో క్యాన్సర్‌ మందుల ఎంపికపై వచ్చిన పరిశోధనలను కీత్‌ బ్యాగర్లీ, కెవిన్‌ కూంబ్స్‌ అనే ఇద్దరు గణాంకవేత్తలు తిరగదోడారు. జన్యువుల జాబితా ఒక వరుస కిందికి జరిగిపోయి ఉంది. కొన్నిచోట్ల ‘మందు పనిచేస్తుంది’, ‘పనిచేయదు’ అన్న గుర్తులు తారుమారయ్యాయి. ఆ ఫలితాలను నమ్మి అప్పటికే రోగుల మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. అవి 2010లో ఆగిపోయాయి. ఆ అంకెలు ఎలా వచ్చాయో చెప్పే పూర్తి వివరాలు ఆ ఇద్దరికీ దొరకలేదు. అచ్చయిన పట్టికలను చూసి, ఏ తప్పు చేస్తే ఈ అంకెలు వస్తాయా అని వెనక్కి లాగుతూ పోయారు. ఒక పూట పనికి ఏళ్లు పట్టాయి.

మన సర్వేల్లో ఈ తారుమారు ఇంకా సులువు. ‘చాలా సులభం’ 1గా ఉన్న ఫారం, 4గా ఉన్న ఫారం రెండూ ఒకే సర్వేలో, తెలుగులో ఒకలా ఉర్దూలో ఒకలా, ఉండే అవకాశం ఉంది. ఎక్సెల్‌ సంగతి చెప్పనక్కర్లేదు. 10-12 ఏళ్ల వయోవర్గం అని రాస్తే అది డిసెంబర్‌ 10 చేసి పెడుతుంది.

ఒకరి లెక్కను మరొకరు సరిచూడాలన్న పట్టుదల మన దేశానికి కొత్తది కాదు. 1931లో కోల్‌కతాలో భారతీయ గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్‌ నమూనా సర్వేలకు ఒక పద్ధతి పెట్టాడు. ఒకే ప్రాంతం నుంచి రెండు విడి నమూనాలు తీస్తారు, రెండు జట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పనిచేస్తాయి. చివర్లో రెండు అంకెలనూ పక్కపక్కన పెడతారు. తేడా ఎక్కువైతే ఎక్కడో చెడిందని అర్థం. కోడ్‌ పంచుకోవడం దీనికి కొనసాగింపే. ఈసారి రెండో జట్టు ఎవరో ముందుగా తెలియదంతే.

ఆ సంస్థలోనే 1941లో చేరినవాడు మన సి.ఆర్‌.రావు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, పాతికేళ్ల వయసులో గణాంకశాస్త్రాన్ని మలుపు తిప్పిన పరిశోధనాపత్రం రాసినవాడు. ఆయన చెప్పిన సంగతి ఒకటి ఈ చర్చకు సరిగ్గా సరిపోతుంది. 1947లో ఢిల్లీ అల్లర్లప్పుడు ఎర్రకోటలో తలదాచుకున్నవాళ్లకు తిండి పెట్టే కాంట్రాక్టర్లు పెద్ద పెద్ద బిల్లులు పంపుతున్నారు. లోపల ఎంతమంది ఉన్నారో ప్రభుత్వానికి తెలియదు, లోపలికి వెళ్లి లెక్కపెట్టే పరిస్థితి లేదు. గణాంకవేత్తల చేతికి వచ్చింది బిల్లులు మాత్రమే. బియ్యం మొత్తాన్ని మనిషి తినే బియ్యంతో భాగిస్తే ఒక సంఖ్య, పప్పుతో భాగిస్తే ఇంకొకటి, ఉప్పుతో భాగిస్తే వాటన్నిటికంటే బాగా చిన్నది వచ్చాయి. ఉప్పు చవక, దాన్ని ఎక్కువేసి రాసుకుంటే లాభం లేదు. కాబట్టి ఉప్పు చెప్పిన సంఖ్యే నిజానికి దగ్గర అని తేల్చారు. ఇక్కడ ఉప్పు తెలివి ఒక ఎత్తైతే, బిల్లులు సరుకులవారీగా ఉండటం ఇంకో ఎత్తు. ‘తిండి ఖర్చు మొత్తం ఇంత’ అని ఒక్క పద్దు రాసి ఉంటే ఎంతటి గణాంకవేత్తా ఏం చేయలేకపోయేవాడు. నివేదికలో ఒక్క శాతం వేసి చేతులు దులుపుకునే సర్వేలు ఈ రెండో రకం బిల్లులే.

అయితే కోడ్‌ను ఎక్కడో ఒకచోట పడేసినంత మాత్రాన పంచుకున్నట్టు కాదు. హార్వర్డ్‌ విశ్వవిద్యాలయం నిర్వహించే డేటా భాండాగారంలో పరిశోధకులు పెట్టిన ‘ఆర్‌’ అనే గణాంక భాషలో రాసిన 9,000కు పైగా కోడ్‌ ఫైళ్లను 2022లో వెలువడిన ఒక అధ్యయనం కోసం మళ్లీ నడిపి చూశారు. 74 శాతం ఆదిలోనే ఆగిపోయాయి. చిన్నచిన్న రిపేర్లు చేశాక కూడా 56 శాతం నడవలేదు. కారణాలు మరీ చిన్నవి: రాసిన మనిషి సొంత ల్యాప్‌టాప్‌లోని ఫోల్డర్‌ పేరు కోడ్‌లో ఉండిపోవడం, ఏ ప్యాకేజీలు కావాలో చెప్పకపోవడం, ఏ ఫైలు ముందు నడపాలో ఎక్కడా రాయకపోవడం. కొన్ని ఇంకా గుట్టుగా ఉంటాయి. యాదృచ్ఛికంగా వంద ఇళ్లు ఎంచుకోమని ఆర్‌కు చెప్పి, ఎప్పుడు నడిపినా అవే రావాలని ‘సీడ్‌’ సంఖ్య కూడా ఇచ్చారనుకోండి. 2019లో వచ్చిన 3.6.0 వెర్షన్‌లో ఆ ఎంపిక చేసే పద్ధతినే మార్చారు. కాబట్టి అదే కోడ్‌, అదే సీడ్‌, పాత వెర్షన్‌లో ఒక వంద ఇళ్లు, కొత్త వెర్షన్‌లో ఇంకో వంద. వెర్షన్‌ రాసి ఉంచని కోడ్‌ ఏదో ఒకరోజు తన ఫలితాన్ని తానే ఒప్పుకోదు.

‘మా దగ్గరున్నది జనం ఆరోగ్య సమాచారం, ఎలా బయటపెడతాం’ అని సర్వే సంస్థలు అంటాయి. ఆ మాటలో నిజముంది, ఒక తప్పించుకోవడమూ ఉంది. డేటా వేరు, కోడ్‌ వేరు. డేటా తాళం వేసుకుని కోడ్‌ ఇవ్వొచ్చు. అసలు డేటా ఆకారంలోనే ఉత్తుత్తి పేర్లు, ఉత్తుత్తి జవాబులతో ఒక ఫైలు తయారుచేసి జతపరిస్తే కోడ్‌ నడుస్తుంది కూడా. జాతీయ సర్వేవాళ్లు ఇళ్ల గుంపు ఎక్కడుందో చెప్పే జీపీఎస్‌ బిందువునే కావాలని పక్కకు జరిపి ఇస్తారు. పట్టణాల్లో 2 కిలోమీటర్ల దాకా జరుపుతారు. లాల్‌దర్వాజా నుంచి 2 కిలోమీటర్లంటే చార్మినార్‌ దాటిపోవచ్చు. అది తెలియకుండా ఆ బిందువులతో బస్తీవారీ పటం గీసి రంగులు వేసినవాళ్లు ఒకరి రంగు ఇంకొకరికి పూసినట్టే. పైగా ఆ సర్వేలో ఒక గుంపు అంటే 22 ఇళ్లు. ఒక బస్తీ గురించి తీర్పు చెప్పడానికి అవి చాలవు. హెచ్‌ఐవీ ప్రశ్నలు అడిగేదైతే మొత్తం ఇళ్లలో ఓ 15 శాతం ఇళ్లలోనే.

కోడ్‌ వల్ల గుట్టు బయటపడే సందర్భం ఒకటుంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. డేటాలో తప్పులు దిద్దుకునేటప్పుడు విశ్లేషకులు కోడ్‌లోనే తమకోసం వ్యాఖ్యలు రాసుకుంటారు. ‘గుడి వెనక టైలర్‌ ఇల్లు, వయసు తప్పు పడింది, 45 చెయ్యి’ అన్న రకం. డేటాను ఎంత భద్రంగా దాచినా ఈ ఒక్క వరుసతో ఆ ఇల్లు బజార్న పడుతుంది. కాబట్టి బయటపెట్టేముందు కోడ్‌ను వరుస వరుసా చదవాలి. దిద్దుబాట్లను వేరే ఫైలులోకి మార్చి, దాన్ని డేటాతో పాటే తాళంలో పెట్టాలి. ఎన్ని దిద్దుబాట్లు, ఏ రకమైనవి అన్నది మాత్రం బయట చెప్పాలి.

కోడ్‌ తెరిచి పెడితే నిజం దానంతట అదే తేలుతుందని నేను అనడం లేదు. 2018లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఫుట్‌బాల్‌ రిఫరీలు నల్లవాళ్లకు ఎక్కువ రెడ్‌ కార్డులు ఇస్తున్నారా అన్న ప్రశ్నను, ఒకే డేటాను 29 జట్లకు ఇచ్చారు. 20 జట్లు అవునన్నాయి, 9 జట్లు తేల్చలేమన్నాయి. ఎవరి కోడ్‌లోనూ తప్పుల్లేకపోయినా ఇలా జరుగుతుంది. తప్పుడు నిర్ణయాన్ని తప్పులేని కోడ్‌గా రాసి పదిసార్లు నడిపితే పదిసార్లూ అదే వస్తుంది. కానీ ఆ నిర్ణయం ఫలానా వరుసలో ఉందని చూపించి దానితో తగువు పెట్టుకోవచ్చు. మూసి ఉన్న లెక్కతో ఎవరూ తగువు పెట్టుకోలేరు.

కోడ్‌ను ఎక్కడ పెట్టాలన్నది కూడా ఆలోచించాల్సిందే. దాదాపు నలభయ్యేళ్లుగా అమెరికా నిధులతో నడిచిన డీహెచ్‌ఎస్‌ కార్యక్రమం అనేక దేశాల ఆరోగ్య సర్వేల డేటాతో పాటు, వాటి సూచికలు లెక్కించే కోడ్‌ను స్టాటా, ఎస్‌పీఎస్‌ఎస్‌, ఆర్‌ భాషల్లో గిట్‌హబ్‌లో పెట్టింది. 2025 ఫిబ్రవరిలో అమెరికా విదేశీ సహాయం నిలిపివేతతో ఆ కార్యక్రమం ఆగింది. అప్పట్లో డేటా కోసం వచ్చిన కొత్త అభ్యర్థనలకు జవాబు లేకపోయింది. కోడ్‌ మాత్రం అప్పటికే చాలామంది కంప్యూటర్లలో ఉంది. యూరప్‌లోని సెర్న్‌ పరిశోధనశాల 2013 నుంచి జెనోడో అనే ఉచిత భాండాగారం నడుపుతోంది. అక్కడ పెట్టినదానికి మారని చిరునామా దొరుకుతుంది. ఒక బస్తీ సర్వే కోడ్‌ అందులో పెట్టడానికి పైసా ఖర్చు లేదు, అరగంట పని.

కోడ్‌ పక్కన ఒక పేజీ వివరణ ఉంటుంది కదా, దాన్ని తెలుగులో, ఉర్దూలో రాస్తే ఇంకో మేలు. ఎవరిని వదిలేశాం, ‘తెల్వదు’ను ఏం చేశాం, ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులు అన్నవి చెప్పడానికి గణాంకశాస్త్రం అక్కర్లేదు. ఆశా కార్యకర్త చదివి, సర్వే సంస్థకు తట్టనిదేదో చెబుతుంది. అంబులెన్స్‌ ప్రశ్ననే తీసుకోండి. 108కి ఫోన్‌ చేయడం ఎలాగో గల్లీలో అందరికీ తెలుసు. బండి లోపలికి రాదు, మనిషిని మంచంతో సహా రోడ్డు దాకా మోసుకెళ్లాలి. అందుకే ‘చాలా కష్టం’ అన్నారు. సూత్రం దాన్ని ఆ మనిషి అవగాహన లోపంగా లెక్కగట్టి ఒక మార్కు వేసింది. లోపం ఉన్నది గల్లీ వెడల్పులో. కోడ్‌ చేతిలో ఉంటే ఆ ఒక్క ప్రశ్న తీసేసి, 47 ఉన్నచోట 46 పెట్టి, 43 అన్న హద్దును 42 చేసి మళ్లీ నడపొచ్చు. 25 దగ్గర అటూ ఇటూ ఊగుతున్నవాళ్లలో ఎంతమంది గట్టెక్కారో అప్పటికప్పుడే కనపడుతుంది.